లినక్స్ యంత్రాలపై విండోస్ ఆటలు: పాలకవర్గానికి ఒక మనవి

“కంప్యూటర్ ప్రయోగశాలలో ఆటలు ఆడరాదు” అన్న పలక వేలాడని కళాశాల ఉభయ తెలుగు రాష్ట్రాలలోనూ అరుదు. ఆ పలకను వ్రాయించిన పెద్దల ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. యంత్రాలు కొద్ది, విద్యార్థులు పెక్కు అయినచోట ఒకరు ఆటకు కూర్చుంటే మరొకరి అభ్యాసం చెడుతుంది. అయితే ఆ పలక క్రింద “శనివారం సాయంత్రం మినహా” అన్న మూడు మాటలు చేర్చవలసిన కాలం వచ్చిందని పాలకవర్గ సభ్యులకు సవినయంగా మనవి చేయదలచాను. మూడు మాటల కోసం ఇన్ని పుటలా అని విద్యార్థి మిత్రులు నవ్వవచ్చు. కాని ఆ మూడు మాటలతో ముడిపడి ఉన్నవి కొన్ని పాత యంత్రాలు, కొంత ధనం, నెట్‌వర్క్ శాస్త్రంలో మనం పరీక్ష కోసం వల్లించి మరచిపోయే ఒక అధ్యాయం.

ముందుగా యంత్రాల సంగతి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకుందామంటే దానికి టి.పి.ఎం. 2.0 అనే భద్రతా సాధనం, కొంత కొత్త తరానికి చెందిన ప్రాసెసరు ఉండాలన్న నిబంధన ఉన్నది. ఈ నిబంధనకు నిలువలేని యంత్రాలు నేడు ఎన్నో కళాశాలల ప్రయోగశాలలలో నిక్షేపంగా పనిచేస్తున్నాయి. వాటి తెర వెలుగుతుంది, మీటలు పలుకుతాయి. అయినా వాటి గతి తుక్కు వ్యాపారి త్రాసే. ఇటువంటి యంత్రాలపై లినక్స్ వేస్తే మరి కొన్నేళ్లు నిర్విచారంగా నడుస్తాయని తెలియనివారు లేరు. ఖర్చు లేదు, అనుమతి పత్రాల బెడద లేదు. తెలుగు లినక్స్ కోసం హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ ఏళ్ల తరబడి చేసిన కృషి మన ఎదుటనే ఉన్నది. కుడి నుండి ఎడమకు సాగే ఉర్దూ వ్రాతను, తెలుగు వ్రాతను ఒకే తెరపై ఒకే సౌలభ్యంతో చూపగల వ్యవస్థ అది. మన వంటి కళాశాలకు ఇది చిన్న విషయం కాదు.

ఇంత అనుకూలమైన దానికి అడ్డు ఎక్కడ వస్తున్నది? విచిత్రమేమంటే విద్యార్థుల నుండే. “లినక్స్ వేస్తే మా ఆటలు నడవవు” అన్నది వసతిగృహంలో నేను తరచుగా వినే మాట. అధ్యాపకులు ఆటలు వద్దంటారు, విద్యార్థులు లినక్స్ వద్దంటారు. రెండు వద్దుల మధ్య పాత యంత్రం తుక్కులోకి పోతుంది. ఈ రెండు అభ్యంతరాలకూ ఒకే సమాధానం ఉన్నదని నా వాదం.

విండోస్ కోసం వ్రాసిన ఆట లినక్స్‌పై ఎలా నడుస్తుంది? ఇందుకు వైన్ అనే సాధనం ఉన్నది. 1993లో ఇది ప్రారంభమయింది. 1994 నుండి అలెగ్జాండర్ జూలియార్డ్ దీనికి సారథ్యం వహిస్తున్నారు. పదిహేనేళ్ల శ్రమ తరువాత 2008 జూన్‌లో గాని దీని 1.0 కూర్పు వెలువడలేదు. ఆ ఓర్పును తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలుగుతుంది. వైన్ చేసే పని మన పూర్వులు ఎరిగినదే. పూర్వం మన దేశంలో దుబాసీలు అనేవారు ఉండేవారు. ఒకరు ఒక భాషలో పలికిన మాటను మరొకరికి వారి భాషలో వినిపించడం వారి పని. వైన్ అటువంటి దుబాసీ. ఆట తనకు తెలిసిన విండోస్ భాషలో “కిటికీ తెరువు, శబ్దం పలికించు, ఫలానా యంత్రానికి సందేశం పంపు” అని అడుగుతుంది. వైన్ దానిని లినక్స్ భాషలోకి మార్చి పని జరిపిస్తుంది. యంత్రంలో మరొక యంత్రాన్ని సృష్టించి నటింపజేయడం దీని పద్ధతి కాదు; కనుకనే పాత యంత్రానికి అది పెద్ద భారం కాదు. వాల్వ్ సంస్థ 2018 ఆగస్టులో విడుదల చేసిన ప్రోటాన్ కూడా వైన్ పునాదిపై కట్టిన మేడయే. తెరపై బొమ్మలు గీసే డైరెక్ట్ త్రీడీ ఆజ్ఞలను వల్కన్ ఆజ్ఞలుగా మార్చే డి.ఎక్స్.వి.కె. అందులో ఒక అంతస్తు. అయితే వల్కన్ తెలియని మరీ పాత చిత్రపు కార్డులున్న యంత్రాలలో ఆ అంతస్తు పనికి రాదు. వాటికి పాత ఆటలు, పాత పద్ధతే మేలు.

ఇక నలుగురు కూడి ఆడే ఆటల విషయం. ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉన్నది. ఒక యంత్రంపై విండోస్, ప్రక్క యంత్రంపై లినక్స్ ఉంటే ఆ రెండింటి మధ్య ఆట సాగదని అనుకుంటారు. తీగపై ప్రయాణించే సందేశానికి తనను పంపినది ఏ వ్యవస్థయో పట్టదు. విండోస్‌లో విన్‌సాక్ అనే భాగాన్ని ఆట అడుగుతుంది. వైన్ ఆ కోరికను లినక్స్ సాకెట్లకు అప్పగిస్తుంది. అక్కడి నుండి బయలుదేరే ప్యాకెట్టు విండోస్ యంత్రం నుండి వచ్చిన ప్యాకెట్టు వలెనే ఉంటుంది. ప్రయోగశాలలో నాలుగు లినక్స్ యంత్రాలు, నాలుగు విండోస్ యంత్రాలు ఉన్నా ఒకే ఆటలో ఎనిమిది మంది కూర్చోవచ్చు. అందరి వద్దా ఆట ఒకే కూర్పు ఉండాలన్న నియమాన్ని మాత్రం ఉల్లంఘించరాదు.

ఆ నియమం వెనుక ఉన్న కారణం చాలా సొగసైనది. ఉదాహరణకు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ భాగాన్ని తీసుకుందాం. ఎన్‌సెంబుల్ స్టూడియోస్ దీనిని నిర్మించగా 1999లో మైక్రోసాఫ్ట్ ప్రచురించింది. ఎనిమిది మంది ఆడవచ్చు. ఒక్కొక్కరికి వందలాది సైనికులు, పడవలు, గోడలు. ఇన్నింటి స్థితిగతులను క్షణక్షణం తీగపై పంపాలంటే ఆనాటి 28.8 కిలోబిట్ల మోడెమ్‌కు అలవి అయ్యే పని కాదు. కాబట్టి నిర్మాతలు సైనికులను పంపడం మానివేసి ఆజ్ఞలను మాత్రమే పంపారు. “ఈ గుంపు అక్కడికి నడవాలి” అన్న ఒక్క ఆజ్ఞ అందరికీ చేరుతుంది. ప్రతి యంత్రమూ ఆ నడకను తనంతట తాను లెక్కగట్టుకుంటుంది. అన్ని యంత్రాలూ ఒకే లెక్క చేస్తే అందరి తెరపైనా ఒకే యుద్ధం కనిపిస్తుంది. ఏ ఒక్క యంత్రమైనా లెక్కలో వెంట్రుకవాసి తేడా చేస్తే లోకాలు వేరుపడి ఆట ఆగిపోతుంది. ఈ పద్ధతిని వివరిస్తూ పాల్ బెట్నర్, మార్క్ టెరానో 2001లో ఒక వ్యాసం వ్రాశారు. నేటికీ ఈ రంగంలోనివారు దానిని చదువుతూనే ఉన్నారు. మన పాఠ్యపుస్తకంలో సమకాలీకరణం అన్న పదానికి రెండు పంక్తుల నిర్వచనం ఉన్నది. ఆట ఆగిపోయిన సాయంత్రం, ఎవరి కూర్పు వేరో వెదికి పట్టుకున్న విద్యార్థికి ఆ నిర్వచనం వల్లించవలసిన పని ఉండదు.

ఇప్పుడు అసలు చిక్కుల సంగతి చెప్పవలసి ఉన్నది. నా వాదానికి బలం ఈ చిక్కులలోనే ఉన్నదని నేను నమ్ముతున్నాను గనుక కొంత విస్తరించి చెబుతాను, పాఠకులు మన్నించాలి.

పైన చెప్పిన ఆట డైరెక్ట్‌ప్లే అనే పాత మైక్రోసాఫ్ట్ భాగంపై ఆధారపడింది. మైక్రోసాఫ్ట్ స్వయంగా దానిని ఎన్నడో ప్రక్కకు పెట్టింది. విండోస్ 8 నుండి అది తనంతట తాను రాదు, ఐచ్ఛిక భాగాల జాబితాలోకి వెళ్లి కోరి తెచ్చుకోవాలి. వైన్ తనకు తానుగా వ్రాసుకున్న డైరెక్ట్‌ప్లే అసంపూర్ణం. అందుచేత వైన్‌ట్రిక్స్ అనే సహాయ సాధనం ద్వారా అసలు డైరెక్ట్‌ప్లే భాగాలను తెచ్చి పెట్టడం ఉత్తమం. ప్రతి ఆటకూ వేరొక ప్రిఫిక్స్, అనగా వేరొక వైన్ ఫోల్డరు, కేటాయిస్తే ఒక ఆట కోసం చేసిన మార్పు మరొక ఆటను చెరపదు.

తరువాత ద్వారాలు. చేరదలచిన ఆటగాని యంత్రం ఆతిథ్య యంత్రాన్ని 47624 నంబరు పోర్టు వద్ద పలకరిస్తుంది. ఆతిథ్య యంత్రం అదే దారిలో బదులు చెప్పి ఊరుకోదు. తిరిగి 2300 మొదలు 2400 వరకు గల పోర్టులలో ఒకదాని ద్వారా అతిథి ఇంటికే వస్తుంది. కనుక ఫైర్‌వాల్ తలుపు ఆతిథ్య యంత్రంలో తెరిస్తే చాలదు, ప్రతి అతిథి యంత్రంలోనూ తెరవాలి. “ఆటలో చేరలేకపోతున్నాను” అన్న ఫిర్యాదులకు ఇది ఒక మూలం. ఉబుంటులో ఫైర్‌వాల్ మొదట నిద్రావస్థలో ఉంటుంది. ఫెడోరాలో మేలుకొని ఉంటుంది. మొత్తం ఫైర్‌వాల్‌ను ఆపివేయమని కొందరు సలహా ఇస్తారు. ఆ సలహా నాకు నచ్చదు. 192.168.1.0/24 వంటి ప్రయోగశాల చిరునామాల పరిధికి మాత్రమే ద్వారం తెరవమని ఒక్క ఆజ్ఞతో చెప్పవచ్చు. ఆ భేదం తెలుసుకోవడమే విద్య.

అన్నిటికంటె రసవత్తరమైనది ప్రకటన సందేశం. ఆతిథ్య యంత్రాన్ని వెదకడానికి ఆట “ఇక్కడ ఎవరైనా ఆట నడుపుతున్నారా?” అని 255.255.255.255 అనే చిరునామాకు కేక వేస్తుంది. వీధి మధ్య నిలబడి దండోరా వేసినట్లన్న మాట. సాధారణంగా లినక్స్ ఆ కేకను ఏ దారిన పంపాలో తన మార్గసూచిక పట్టికలో చూసుకుంటుంది. ఇంటర్నెట్ లేని గదిలో, ఒక స్విచ్‌కు ఎనిమిది తీగలు కలిపి, చిరునామాలు చేతితో వ్రాసి, గేట్‌వే గడిని ఖాళీగా వదిలితే ఆ పట్టికలో సామాన్య మార్గమే ఉండదు. “నెట్‌వర్క్ చేరరానిది” అన్న జవాబు వస్తుంది. తీగలు బాగున్నవి, పింగ్ పలుకుతున్నది, ఆట మాత్రం ఎవరినీ చూడదు. ఇంటర్నెట్ లేనందువలన ఇంటర్నెట్ అక్కరలేని ఆట ఆగిపోవడం! ప్రయోగశాలలోని ఏదో ఒక యంత్రం చిరునామాను గేట్‌వేగా వ్రాసినా, ఆ ప్రకటన చిరునామాకు ప్రత్యేకంగా ఒక మార్గం చేర్చినా చిక్కు విడుతుంది. మరొక విధమైన చిక్కు దీనికి విపర్యయం. చరవాణి ద్వారా వైఫై ఇంటర్నెట్ కూడా పెట్టుకున్న యంత్రం తన కేకను వైఫై వైపు వేస్తుంది. తీగ వైపున ఉన్న మిత్రులకు అది వినబడదు. ఆట ఆడేంతసేపు వైఫై ఆపివేయడమే సులువు. కొన్ని వైఫై పెట్టెలు తమ వద్దకు వచ్చిన యంత్రాలను ఒకదానితో ఒకటి మాట్లాడనీయవు కూడా. అందుచేత నా ఓటు ఎల్లప్పుడూ తీగకే.

డెబియన్, ఉబుంటు కుటుంబానికి చెందిన లినక్స్‌లలో మరొక సంగతి ఉన్నది. ఈటీసీ ఫోల్డరులోని హోస్ట్స్ అనే ఫైలులో యంత్రం పేరుకు ఎదురుగా 127.0.1.1 అని వ్రాసి ఉంటుంది. అది తనను తాను సూచించుకునే చిరునామా. ఆట “నా చిరునామా ఏమి?” అని అడిగి దానినే నమ్మి, అదే ఇతరులకు చాటితే, వారంతా తమ తమ యంత్రాలలోనే వెదుక్కుంటారు. ఊరిలో ప్రతి ఒక్కరూ తమ ఇంటి చిరునామా “మా ఇల్లు” అని చెప్పినట్లు. వైన్ కొత్త కూర్పులు ఈ ఉచ్చును చాలావరకు తామే తప్పించుకుంటాయి. పాత కూర్పు ఉన్నచోట ఆ పంక్తిలో ప్రయోగశాల చిరునామా వ్రాయడం మంచిది.

ఇంకా వెనుకటి ఆటలకు వెళితే, 1993 నాటి డూమ్, 1996 నాటి రెడ్ అలర్ట్ వంటివి ఐ.పి.ఎక్స్. అనే నోవెల్ సంస్థ పద్ధతిలో మాట్లాడేవి. విండోస్ దానిని విస్టాతో వదిలివేసింది. లినక్స్ కెర్నెల్ 2018లో 4.18 కూర్పుతో తొలగించింది. డాస్ ఆటలకు డాస్‌బాక్స్ ఆ పాత ప్యాకెట్టును నేటి యు.డి.పి. కవరులో పెట్టి పంపుతుంది. అది మామూలుగా కోరే పోర్టు 213. లినక్స్‌లో 1024 కంటె తక్కువ పోర్టులకు నిర్వాహకుని అధికారం కావాలి గనుక పెద్ద అంకె ఒకటి ఇస్తే సరిపోతుంది. కౌంటర్ స్ట్రైక్ 1.6 వంటి వాటికి ఈ గొడవలేవీ లేవు. వాల్వ్ సంస్థ 2013లోనే దాని లినక్స్ కూర్పును అందించింది.

ఈ చిక్కులన్నీ విని “ఇంత శ్రమ ఎందుకు, ఇంటర్నెట్‌లో ఆడుకొనవచ్చు గదా” అనేవారు ఉంటారు. వారికి రెండు సంగతులు గుర్తు చేస్తాను. ఎన్నో ఆటలకు ఇంటర్నెట్‌లో కూడలిగా ఉండిన గేమ్‌స్పై సేవ 2014 మే 31న మూతపడింది. ఆ కూడలిపైనే ఆధారపడిన ఆటలలో నలుగురు కలిసే మార్గం ఒక్క రోజులో పోయింది. స్థానిక నెట్‌వర్క్ సౌకర్యం ఉన్నవి బ్రతికాయి. 2010లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ రెండవ భాగంలో ఆ సౌకర్యాన్ని నిర్మాతలు బుద్ధిపూర్వకంగానే పెట్టలేదు. ప్రక్క ప్రక్కన కూర్చున్న ఇద్దరు మిత్రులు ఆడుకోవడానికి ఎక్కడో ఉన్న సంస్థ అనుమతి కావలసి రావడం నాకు న్యాయంగా తోచదు. డబ్బిచ్చి కొన్న వస్తువును మన గదిలో మన తీగతో వాడుకొనగలగాలి.

పాలకవర్గ సభ్యుల అభ్యంతరాలను నేను తేలికగా తీసివేయను. దొంగ ప్రతుల మాట మొదటిది, న్యాయమైనది. కొన్న ఆటలే ప్రయోగశాలలోకి రావాలి. కొనలేనప్పుడు 0 ఏ.డి., ఓపెన్ అరీనా వంటి స్వేచ్ఛా ఆటలు ఉన్నాయి. మొదటిది ప్రాచీన సామ్రాజ్యాల ఆట, ఎవరికీ రూపాయి చెల్లించనక్కరలేదు. అలాంటప్పుడు విండోస్ ఆటల ప్రయాస ఎందుకన్న ప్రశ్న వస్తుంది. విద్యార్థి ప్రేమించేది చిన్ననాడు ఆడిన ఆటను; దానిని కొత్త నేలపై నడిపించాలన్న కోరికే అతనిచేత మార్గసూచిక పట్టికను తెరిపిస్తుంది. మరే ప్రలోభంతోనూ ఆ పట్టికను తెరిచినవారిని మా తరగతిలో నేను చూడలేదు. రెండవది భద్రత. దుబాసీ మంచి మాటనే కాదు, చెడు మాటను కూడా తర్జుమా చేస్తాడు. విండోస్ క్రిములు కొన్ని వైన్‌లో సైతం నడవగలవు. అందుచేత ఆటల కోసం వేరే వాడుకరి ఖాతా ఉండాలి, వైన్‌ను నిర్వాహకుని అధికారంతో ఎన్నడూ నడపరాదు. మూడవది కాలహరణం. దీనికి జవాబు గడియారమే. నాలుగు నుండి ఆరు వరకు అని వ్రాస్తే ఆరింటికి విద్యుత్తు ఆపవచ్చు.

పెద్దలు బహుశా గమనించని సంగతి ఇంకొకటి ఉన్నది. మా తరగతి అబ్బాయిలు బజారులోని ఆటల కేంద్రాలకు వెళ్లి గంటకు ఇంత అని చెల్లించి ఆడుతున్నారు. మా తరగతి అమ్మాయిలలో అక్కడికి వెళ్లేవారు లేరు. ఇంటివారు పంపరు, వారికీ అక్కడి వాతావరణం నచ్చదు. నెట్‌వర్క్ చిక్కులను విప్పే నేర్పు ఆటల ద్వారా అబ్బుతున్నదంటే, ఆ నేర్పు సగం తరగతికే దక్కుతున్నదన్న మాట. అధ్యాపకుల పర్యవేక్షణలో, వెలుతురు గల గదిలో ఆ అవకాశం కల్పించగలిగినది కళాశాల ఒక్కటే.

నేను కోరుతున్నది స్వల్పం. తుక్కుకు వ్రాసిన యంత్రాలలో ఎనిమిదింటిని ఈ సంవత్సరం అమ్మకుండా ఆపాలి. ఎనిమిది ద్వారాల స్విచ్ ఒకటి, తీగలు తొమ్మిది. ఒకటి తప్పక చెడిపోతుంది గనుక తొమ్మిది అంటున్నాను. లినక్స్ వేసే పని మూడవ సంవత్సరం విద్యార్థులు చేస్తారు. చిరునామాల పట్టిక తెలుగులోను ఉర్దూలోను వ్రాసి గోడకు అంటించే పని మొదటి సంవత్సరం వారిది. మొదటి శనివారం 0 ఏ.డి.తో ప్రారంభించి, అది నడిచిన తరువాతనే వైన్ జోలికి పోదాం. కంప్యూటర్ శాఖాధిపతి గారు సమ్మతిస్తే ఆ సాయంత్రం ఏ యంత్రం కేక ఏ యంత్రానికి వినబడలేదో, ఎందుకు వినబడలేదో నమోదు చేసే పుస్తకం ఒకటి తలుపు వద్ద ఉంచుతాము. ప్రయోగ పరీక్షకు ఆ పుస్తకం నుండే ప్రశ్నలు ఇచ్చినా మాకు అభ్యంతరం లేదు.